ముప్పై రెండు సెకన్ల జవాబు

జూలై పదకొండు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మా వదిన కెమెరా ముందు కూర్చుని, ప్రసూతి వార్డులో కామెర్లతో ఎంతమంది చనిపోయారో చెప్పింది. ఆరుగురు. ఆ జవాబుకి ముప్పై రెండు సెకన్లు పట్టింది. ప్రశ్న అడిగింది నేను.

వదిన పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. మొత్తం సర్వీసు ఇరవై ఆరేళ్ళు, అందులో పదకొండేళ్ళు ప్రసూతి వార్డులోనే. నేను పత్రికలో రిపోర్టరుని. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్ళిద్దరూ కింద వాటాలో, నేను మేడమీద గదిలో ఉండేవాళ్ళం. వంట మాత్రం ఒకటే. అది అన్నయ్య చేసేవాడు.

ఆ వానాకాలం మొదట్లో ఆరోగ్య శాఖ, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి నర్సులకి మీడియా శిక్షణ పెట్టాయి. జనం డాక్టరు కన్నా నర్సు మాట నమ్ముతారని ఏదో సర్వేలో తేలిందట. అందుకని నర్సులు టీవీల్లో, రేడియోలో, పత్రికల్లో ఆరోగ్యం గురించి మాట్లాడాలి. మాట్లాడటం నేర్పడానికి ఒక మనిషి కావాలి. సంస్థ తరఫున వచ్చిన మేడమ్ మా ఆఫీసుకి వచ్చి నన్ను అడిగింది.

"గుచ్చి గుచ్చి అడగటం మీకు అలవాటే కదా సార్. అదే వాళ్ళకి కావాలి" అంది.

ఒప్పుకున్నాను. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మూడు వారాలు. మొత్తం ఆరు క్లాసులు.

మొదటి క్లాసు జూలై రెండున, నర్సింగ్ స్కూలు రెండో అంతస్తులో. హాల్లో నాలుగు ఫ్యాన్లుంటే మూడు తిరుగుతున్నాయి. ఇరవై రెండు మంది నర్సులు రావాలి, ఇరవై ఒక్కరు వచ్చారు. రానిది వదిన.

ముందుగా నేను ఒక మాట చెప్పాను.

"నేను రిపోర్టర్ని. కానీ ఈ గదిలో కాదు. ఇక్కడ మీరు ఏం మాట్లాడినా నా పేపర్లోకి పోదు. ధైర్యంగా తప్పులు చెయ్యండి. ఇది నేనిస్తున్న మాట."

మేడమ్ రెండు పేజీల కాగితం పంచింది. ఇక్కడ తీసే వీడియోలని శిక్షణ అవసరాలకి వాడుకోవచ్చని అందులో ఉంది. అందరూ సంతకాలు పెట్టారు.

వదిన రెండూ నలభైకి వచ్చింది. మోచేతుల దాకా తడి ఉంది. గుమ్మంలో నిలబడి, "పన్నెండో బెడ్డు. కాన్పు ఇందాకే అయింది. ఆడపిల్ల, రెండు కేజీల ఎనిమిది వందలు. తల్లి బాగానే ఉంది" అంది.

"ఆలస్యం ఎందుకైందో నేనడగలేదు సిస్టర్" అన్నాను.

"అడక్కుండానే చెప్పడం మాకలవాటు సార్. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు అలాగే చెప్తాం" అని వెనక బల్ల మీద కూర్చుంది. మేడమ్ ఇచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టింది. నేను మొదట చెప్పిన మాట ఆమె కోసం మళ్ళీ చెప్పలేదు. క్లాసు అప్పటికే చాలా ముందుకి వెళ్ళింది.

పిల్లల వార్డులో పనిచేసే ఒక సిస్టర్‌ని అందరూ రేడియో అంటారు. గేటు దగ్గర విన్న కబురు వార్డుకి చేరేలోపు మూడంతస్తులకీ వినిపిస్తుందని ఆ పేరు. మొదటిరోజు ఆమెనే కెమెరా ముందు కూర్చోబెట్టాను.

"మీ పేరు చెప్పండి."

రేడియో నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఏ వార్డులో పనిచేస్తారు?"

"డాక్టరు గారిని అడగండి" అంది రేడియో.

హాలంతా నవ్వింది. "బ్యాటరీలు అయిపోయాయే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. రేడియో లేచి, "నవ్వండి నవ్వండి. మీ వంతూ వస్తుందిగా. అప్పుడు చూస్తా ఒక్కొక్కరి పని" అని వెళ్ళి కూర్చుంది.

వాళ్ళకి నేను నేర్పింది ఇదీ. ఒక అంకె, ఒక కారణం, జనం చేయాల్సిన ఒక పని. బెడ్డు నంబరు చెప్పకూడదు, మనిషి అనాలి. చూపు కెమెరా మీద కాదు, అడిగినవాడి మీద ఉండాలి. జవాబు చెప్పకూడని ప్రశ్న వస్తే మౌనంగా ఉండకూడదు. "ఆ సంగతి పెద్దవాళ్ళు చెబుతారు. నేను చెప్పగలిగింది ఏమిటంటే" అని దారి మళ్ళించాలి. రెండో క్లాసుకి వచ్చేసరికి రేడియో దాన్ని ఇంట్లో అత్తగారి మీద ప్రయోగించింది.

"కూరలో ఉప్పెందుకు ఎక్కువైందే అంది సార్. ఆ సంగతి మీ అబ్బాయి చెబుతారు, నేను చెప్పగలిగింది ఏమిటంటే అన్నాను. ఇప్పటిదాకా మాట్లాడలేదు నాతో. చాలా బాగా పనిచేస్తోంది."

ఏ విషయాల మీద మాట్లాడవచ్చో ఆరోగ్య శాఖ ఒక జాబితా ఇచ్చింది. అందులో మూడున్నాయి. చేతుల శుభ్రత, తల్లిపాలు, టీకాలు.

వదిన చెయ్యెత్తింది. "నీళ్ళు లేవా మేడమ్?"

"చేతుల శుభ్రతలో నీళ్ళు వచ్చేస్తాయి కదా సిస్టర్."

"కడుక్కునే నీళ్ళు కాదండీ. తాగే నీళ్ళు."

"అది మన శాఖది కాదు సిస్టర్. నీటి సరఫరా వాళ్ళది."

"తాగింది వాళ్ళ నీళ్ళే. రావడం మాత్రం మా దగ్గరికి వస్తున్నారు" అంది వదిన. మేడమ్ రాసుకుంది. జాబితా మారలేదు.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పన్నెండేళ్ళ కిందట, వదిన అన్నం తింటూ అన్న మాటని నేను వార్త చేశాను. ఆమెకి మెమో వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో విన్నది పేపర్లోకి పోదు, ఇంట్లో ఆసుపత్రి మాట ఎత్తకూడదు. నియమం పెట్టింది అన్నయ్య. వదినా నేనూ దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పింది అన్నయ్యే. జూలై ఎనిమిది పొద్దున, వదిన డ్యూటీకి వెళ్ళాక, వంటింట్లో రెండు గిన్నెల్లో నీళ్ళు మరుగుతున్నాయి.

"ఇన్ని నీళ్ళు ఎందుకు కాస్తున్నావు?" అని అడిగాను.

"మీ వదిన ఆర్డరు. నెల రోజులుగా ఇదే. నువ్వు చూడలేదు. వంటింట్లోకి వస్తే కదా తెలిసేది."

"ఏమైందిట?"

అన్నయ్య గిన్నె మీద మూత పెట్టి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"కామెర్లు. కడుపుతో ఉన్నవాళ్ళు పోతున్నారు. మూడు కాగితాలు పెట్టింది సూపరింటెండెంట్‌కి. ఒక్కదానికీ జవాబు లేదు. రైలుకట్ట అవతలి పేటకి వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి చెప్తానంటే, నీ పని వార్డులో, పేటలో కాదన్నాట్ట. అన్నం సయించట్లేదు దానికి. పేటలో వాళ్ళకి ఎలాగోలా కబురు చేరాలి, అంతే నాకు కావలసింది అంటోంది. నేను చెప్పానని దానితో అనకు."

"అనను."

"పేపర్లోనూ వెయ్యకు."

"వెయ్యను" అన్నాను.

నాలుగో క్లాసు జూలై పదకొండున. ఆరోజు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. ఒక్కొక్కరికి మూడు ప్రశ్నలు జాబితాలోంచి, నాలుగోది బయటినుంచి. ఆ నాలుగోది ఇబ్బంది పెట్టే ప్రశ్న అయి ఉండాలి. దారి మళ్ళించడం వచ్చిందో లేదో దానితో తెలుస్తుంది. రేడియోని మందుల కొరత గురించి అడిగాను. చేతుల శుభ్రత మీదికి మళ్ళించింది. గొంతు వణకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత వదిన వచ్చి కూర్చుంది. తల్లిపాల మీద మూడు ప్రశ్నలు అయ్యాయి. నాలుగోది అడిగాను.

"సిస్టర్, మీ వార్డులో కామెర్లతో గర్భిణులు చనిపోతున్నారని విన్నాం. నిజమేనా? ఎంతమంది?"

వదిన నా ముఖంలోకి చూసింది. నా చేతిలో నోట్‌బుక్ ఉంది, పెన్ను ఉంది. వాటి వంకా చూసింది.

"రాసుకుంటున్నారా?" అని అడిగింది.

"రాసుకుంటున్నాను" అన్నాను.

ఆమె నిటారుగా కూర్చుంది.

"జూన్ రెండు నుంచి ఈరోజు పొద్దున ఎనిమిది గంటల వరకు మా వార్డులో కామెర్లతో పదిహేడు మంది గర్భిణులు చేరారు. ఆరుగురు చనిపోయారు. పదిహేడు మందిలో పద్నాలుగు మంది రైలుకట్ట అవతలి పేట వాళ్ళు. అక్కడ మంచినీళ్ళ పైపు మురుగుకాలవలోంచి పోతుంది. ఈ కామెర్లు మిగతావాళ్ళకి వచ్చి తగ్గిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి తెస్తాయి. పైపు మార్చేదాకా నీళ్ళు మరగకాచి తాగండి. ఇవాళ ఆ నీళ్ళు తాగినవాళ్ళు నెల తర్వాత మా వార్డుకి వస్తారు. నా పేరు రాసుకోండి."

మొదట రేడియో చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. మేడమ్ గడియారం చూసి, "ముప్పై రెండు సెకన్లు! సరిగ్గా టీవీకి కావలసినంత" అంది.

నేను లేచి క్లాసుకి వివరించాను. అంకె ఉంది, చోటు ఉంది, కారణం ఉంది, ఏం చేయాలో ఉంది. ఒక్క విశేషణం లేదు. దారి మళ్ళించలేదు కాబట్టి ఒక మార్కు తగ్గుతుంది. జవాబు మాత్రం ఇలాగే ఉండాలి.

"చేతులు ఇంకొంచెం కిందికి పెట్టుకుంటే బాగుండేది సిస్టర్" అన్నాను.

"అలాగే సార్" అంది వదిన.

ఆ సంఖ్య నిజమని నాకు అప్పుడే తెలుసు. వదిన వార్డు విషయంలో అంకె కల్పించి చెప్పే మనిషి కాదు. కానీ క్లాసులో ఇరవై ఒక్క మందికి మాటిచ్చాను. ఇంట్లో అన్నయ్యకి మాటిచ్చాను. మర్నాడు పొద్దున పదకొండూ పదికి సూపరింటెండెంట్‌కి ఫోన్ చేశాను. వదిన పేరు గానీ, ఆమె చెప్పిన సంఖ్య గానీ ఎత్తకుండా, కామెర్లు ఏమైనా ఎక్కువగా ఉన్నాయా అని అడిగాను.

"వానలు పడ్డాక ఉండేవే కదండీ. అదేం వార్త? పాత వార్డు కప్పు కారుతోంది, అది రాయండి. బిల్డింగ్ వాళ్ళు కదులుతారు" అన్నాడు.

కప్పు గురించి రాశాను. జూలై పదమూడున వచ్చింది.

ఆ రోజుల్లో పొద్దున్నే గేటు దగ్గర పేపరు తీసేది వదిన. అంతకుముందు ఆ పని నాది. ఆమె గేటు దగ్గరే నిలబడి పేజీలు తిప్పేది, మడిచి నా చేతికిచ్చేది. పదిహేనో తేదీన పేపరిస్తూ అడిగింది.

"మీ దగ్గర ఒక వార్త అచ్చు కావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"వార్తని బట్టి ఉంటుంది. చిన్నదైతే అదే రోజు."

"పెద్దదైతే?"

"అవతలివాళ్ళనీ అడగాలి, కాగితాలు చూడాలి. వారం, పది రోజులు. ఎందుకు?"

"ఊరికే. తొమ్మిది నెలలు పట్టదు కదా, ఫరవాలేదు" అని నవ్వింది. "టీ తాగి వెళ్ళు. నీళ్ళు కాచినవే."

నేను టీ తాగి ఆఫీసుకి వెళ్ళాను.

జూలై పదహారున, క్లాసు అయ్యాక, మేడమ్ మూడు వీడియోలు ఎంచి ఇమ్మంది. ముగింపు రోజున ఆరోగ్య శాఖ డైరెక్టరు వస్తున్నాడు, ఆయనకి చూపించాలి. నేను జాబితా రాసిచ్చాను. మొదటిది వదినది.

మేడమ్ చదివి తలెత్తింది. "జవాబు అద్భుతంగా ఉంది సార్. కానీ విషయం కొంచెం..."

"ఇది ప్రాక్టీసు మేడమ్. మనం చూసేది మాట్లాడే తీరు. విషయం కాదు."

"మీ వదినగారే కదా. అడిగారా ఆవిడని?"

"సంతకం పెట్టారు కదా" అన్నాను.

పద్దెనిమిదిన డైరెక్టరు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వదిన రాలేదు. ఆ మధ్యాహ్నం వార్డులో ఆమెకి బదులు డ్యూటీకి మనిషి దొరకలేదు. లైట్లు తీసి గోడ మీద వీడియో వేశారు. ముప్పై రెండు సెకన్లు. అయ్యాక డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. మేడమ్ వైపు వంగి ఏదో అడిగాడు. నేను రెండు కుర్చీల అవతల ఉన్నాను.

"దీని కాపీ ఒకటి నాకు పంపించండి" అన్నాడు.

మేడమ్ పంపించింది.

జూలై ఇరవై మూడు, మంగళవారం, నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి వదిన వంటింట్లో కుర్చీలో ఉంది. ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. ఆ వేళప్పుడు ఆమె ఇంట్లో ఉండదు. బల్ల మీద ఒక కాగితం ఉంది. అన్నయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పొయ్యి ఆర్పేసి ఉంది.

కాగితం చదివాను. పరిపాలనా కారణాల రీత్యా బదిలీ. నూట నలభై కిలోమీటర్ల దూరంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం. వారంలో చేరాలి. అక్కడ ప్రసవాల గది లేదు.

"మధ్యాహ్నం నుంచి వార్డు వేరేవాళ్ళకి అప్పజెప్పమన్నారు. రేపు పొద్దున ఎనిమిదికి అప్పజెప్తానని చెప్పి వచ్చాను. అరగంటలో చెప్పేవి కావు ఆ కేసులు" అంది వదిన.

"ఎందుకని అడిగావా?"

"అడిగాను. వీడియో చూపించాడు సూపరింటెండెంట్. నాదే. ఆయన ఫోన్లో ఉంది."

నేను కాగితాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టాను.

"పోనీలే. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకున్నదే. పేరు రాసుకోమన్నాను కదా, తెలిసే అన్నాను" అంది. తర్వాత, "పేపర్లో ఎప్పుడు వస్తుంది? ఆర్డరు వచ్చేసింది, ఇంక దాచేదేం లేదు. రేపు వస్తుందా?"

"ఏది?"

"నువ్వు రాసుకున్నది."

"వదినా, అది ప్రాక్టీసు."

"ప్రాక్టీసా?"

"క్లాసులో మాట్లాడింది బయటికి పోదని మొదటిరోజే చెప్పాను. నువ్వు అప్పటికి..."

మొదటిరోజు ఆమె ఎప్పుడొచ్చిందో ముగ్గురికీ తెలుసు. మొదటి క్లాసుకే నలభై నిమిషాలు ఆలస్యమా అని ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య జోక్ వేశాడు కూడా.

"తక్కినవాళ్ళది ప్రాక్టీసని తెలుసు. నన్ను అడిగింది మాత్రం జాబితాలో లేనిది. ఇంట్లో అడగలేవు, నేను చెప్పలేను. అందుకే అక్కడ అడుగుతున్నావనుకున్నాను. అందరి ముందు, పేరుతో, పద్ధతిగా. రాసుకుంటున్నారా అని అడిగాను కదా. రాసుకుంటున్నానన్నావు" అంది వదిన.

"అన్నాను."

"పన్నెండు రోజులు."

వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. ఆమెకి లెక్క ముందే తెలుసు.

అన్నయ్య పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. "ఏరా, నువ్వు అడిగావు, అది చెప్పింది. విన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ పేటలో వాళ్ళకి తప్ప ఊళ్ళో అందరికీ తెలిసింది. అంతేనా?" అన్నాడు.

"నువ్వే వెయ్యద్దన్నావు" అన్నాను.

"అన్నాను. నేను మెకానిక్‌ని. బ్రేకు పడకపోతే బస్సు బయటికి పంపకూడదని తెలుసు నాకు, అంతే. వార్తల సంగతి నాకేం తెలుసు? నీకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అదేగా పని!"

"ఆయన్ని ఏమీ అనకండి" అంది వదిన. ఇరవై ఏడేళ్ళలో ఎన్నడూ నన్ను 'ఆయన' అనలేదు. అబ్బాయ్ అనేది, లేకపోతే వెక్కిరింపుగా మరిదిగారూ అనేది. లేచి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "రేపు పొద్దున ఎనిమిది వరకు వార్డు నాదే. అప్పటి లెక్క ఇస్తాను. ఇప్పుడైనా రాయండి. పేరుతో."

మర్నాడు వార్డు అప్పజెప్పి వచ్చి లెక్క ఇచ్చింది. చేరినవాళ్ళు ఇరవై నలుగురు. చనిపోయినవాళ్ళు ఎనిమిది మంది. సూపరింటెండెంట్‌కి పెట్టిన మూడు కాగితాల నకళ్ళూ ఇచ్చింది. వాటి మీద ఆఫీసు ముద్ర, తేదీలు ఉన్నాయి. జూన్ పద్నాలుగు, జూన్ ఇరవై ఐదు, జూలై మూడు. అవి ఆ పన్నెండు రోజులూ కింది వాటాలో, అల్మరా పై అరలో ఉన్నాయి. నేను అడగలేదు కాబట్టి ఆమె ఇవ్వలేదు.

వార్త రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఎడిటర్ చదివి, "ఆసుపత్రి వాళ్ళ మాట ఏది?" అన్నాడు.

"అడుగుతాను."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా? కప్పు కారుతోందని రాశావు కదా పోయిన వారం. అదే ఆసుపత్రేగా?"

"అదే."

సూపరింటెండెంట్ జవాబుకి రెండు రోజులు పట్టింది. నలుగురు అన్నాడు. మిగతా నలుగురినీ కాలేయ వైఫల్యం, రక్తస్రావం కింద రాశామన్నాడు. ఆ రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి, వదిన పేరుతో, జూలై ఇరవై ఏడు శనివారం, ఐదో పేజీలో వేశారు. నీళ్ళు మరగకాచి తాగమన్న మాటని పెట్టె కట్టి విడిగా వేశారు.

ఆ పొద్దున ఎనిమిదికి రైలుకట్ట అవతలి పేట ఆడవాళ్ళు బిందెలతో నీటి సరఫరా ఆఫీసు ముందు కూర్చున్నారు. సోమవారం ఇంజనీర్లు వచ్చి కాలవలో దిగి చూశారు. ఆగస్టు రెండు, శుక్రవారం సాయంత్రానికి పైపు మార్చారు. వార్త వచ్చిన ఆరో రోజు.

అన్నయ్య, వదిన జూలై ముప్పైన వెళ్ళిపోయారు. మినీ లారీలో సామాను ఎక్కించడానికి డిపోలో అన్నయ్యతో పనిచేసినవాళ్ళు ముగ్గురు వచ్చారు. రేడియో కూడా వచ్చింది. గిన్నెలు కాగితాల్లో చుడుతూ, ఆ కాగితాల్లో ఐదో పేజీ కనిపిస్తే తీసి పక్కన పెట్టింది.

"నన్నూ అడిగారు సార్, మందుల కొరత సంగతి. నిజంగానే అప్పుడు రెండు వారాలుగా లేవు. చక్కగా దారి మళ్ళించాను. నాకు సర్టిఫికెట్ ఇచ్చారు, సిస్టర్‌కి ఆర్డరు ఇచ్చారు" అంది.

"సర్టిఫికెట్ మీద నా సంతకమే ఉంది" అన్నాను.

"చూశాను" అంది.

అన్నయ్య లారీ ముందు సీట్లో కూర్చున్నాడు. వదిన మేడ మెట్ల దగ్గరకి వచ్చింది.

"గ్యాస్ కనెక్షన్ మీ పేరుకి మార్చారు. సిలిండరు ఎల్లుండి వస్తుంది. పొయ్యి రెండో బర్నర్ సరిగా మండదు, ఎడమదే వాడుకోండి" అంది. డ్యూటీ అప్పజెప్పినట్టు చెప్పింది. మరేమైనా చెబుతుందేమోనని నిలబడ్డాను. లారీ ఎక్కింది.

కింది వాటాని అన్నయ్యవాళ్ళు ఆ సెప్టెంబరులో ఒక బ్యాంకు ఉద్యోగికి అద్దెకి ఇచ్చారు. ఆ విషయం నాకు చెప్పింది ఏజెంటు.

ఆరోగ్య శాఖ విచారణ వేసింది. కమిటీలో ముగ్గురు. వదినని పిలవలేదు. నివేదిక బయటికి రాలేదు. బదిలీ రద్దు కాలేదు.

ఆగస్టు నెలంతా ప్రతి సోమవారం ప్రసూతి వార్డు లెక్క తీసుకున్నాను. కొత్త హెడ్ నర్సు తన పేరు రాయొద్దని చెప్పి ఇచ్చేది. పైపు మార్చాక కూడా కేసులు వచ్చాయి. వదిన వీడియోలో చెప్పినట్టు, తాగిన నెలకి గానీ బయటపడవు. జూలై పదకొండు తర్వాత ఆ వార్డులో కామెర్లతో ఏడుగురు చనిపోయారు. అందరూ ఆ పేటవాళ్ళే. ఏడో మనిషికి ఇరవై రెండేళ్ళు, ఎనిమిదో నెల. ఆగస్టు ఇరవై నాలుగున చేరింది, ఇరవై ఏడున చనిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

సెప్టెంబరు ఆరున ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నేను ఫలానా పేపరు నుంచి వచ్చానని చెప్పాను. లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"తాగు బాబూ, కాచినవే. మీ పేపర్లో పడ్డదాన్ని పక్కింటమ్మాయి చదివి వినిపించింది. ఆ పూట నుంచి మా ఇంట్లో కాచకుండా ఒక్క చుక్క తాగలేదు" అంది.

ఏ రోజు నుంచి అని అడిగాను. తేదీ గుర్తులేదంది. పక్కింటి అమ్మాయిని పిలిచి అడిగింది. జూలై ఇరవై ఏడు, శనివారం అని ఆ అమ్మాయి చెప్పింది.